తాగుడు మానిన ఘనత ఏ పద్దులో వెయ్యాలి?

తాగుడు మానేసిన మనిషిని "ఎలా మానగలిగావయ్యా?" అని అడిగి చూడండి. ఒకరు అయ్యప్ప పేరు చెప్తారు, ఇంకొకరు సాయిబాబా పేరు, మరొకరు ఏసుప్రభువు పేరు. డాక్టరు పేరు చెప్పేవాళ్ళు తక్కువ. భార్య పేరు చెప్పేవాళ్ళు ఇంకా తక్కువ. ఇరవై ఏళ్ళు భరించింది ఆవిడే అయినా సరే.

మనం హేతువాదులం కాబట్టి ఇది వినగానే ఒక నవ్వు నవ్వి ఊరుకుంటాం. కానీ నవ్వు జవాబు కాదు. ఆ మనిషి తాగుడు మానిన మాట నిజం. వాడి పిల్లలు ఇప్పుడు రాత్రిళ్ళు భయం లేకుండా పడుకుంటున్న మాట నిజం. ఫలితం కళ్ళెదురుగా ఉన్నప్పుడు "దేవుడు కాదు" అని సగం మాట చెప్పి వదిలేస్తే ఎలా? మరేమిటో కూడా చెప్పాలి.

నేను డిఫెన్స్ అకౌంట్స్ డిపార్ట్‌మెంటులో పనిచేసి రిటైరయ్యాను. చదివింది బీకాం. డాక్టర్ని కాను, సైకాలజీ చదువుకోలేదు. నాకు తెలిసిన విద్యల్లా ఏ మొత్తం ఏ పద్దు కింద చూపాలో వెతకడం. లెక్కల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. డబ్బు వచ్చింది, కానీ ఎందుకొచ్చిందో కాగితం దొరకలేదు. అలాంటిదాన్ని తాత్కాలికంగా సస్పెన్స్‌లో పెట్టి, వోచరు దొరికాక అసలు పద్దుకి మారుస్తాం. బద్ధకస్తుడైన గుమాస్తా దాన్ని ఏళ్ళ తరబడి అక్కడే మురగబెడతాడు. దేవుడనే మాట కూడా ఇలాంటి సస్పెన్స్ ఖాతాయేనని నా అభిప్రాయం. తాగుడు మానడం అనే జమని అందులోంచి తియ్యడానికి చరిత్రలో వోచర్లు ఏమైనా ఉన్నాయా అని కొంతకాలంగా వెతుకుతున్నాను.

వెతకడానికి కారణం మా పిన్ని కొడుకు. ముందు మా ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

మాది బిలాస్‌పూర్. ఛత్తీస్‌గఢ్‌లో రైల్వే ఊరు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడి ఇటుగా లైను వేశాక, శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చిన తెలుగువాళ్ళ వారసులం. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను పూర్తయ్యాక రాకపోకలు మరీ సులువయ్యాయి. ఇంట్లో తెలుగు, బజారులో ఛత్తీస్‌గఢీ, డ్యూటీలో హిందీ. తాగుడు కూడా అలాగే కలగలుపు. చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పసారా, ఊళ్ళో దుకాణం సరుకు, ఫౌజులో బంధువులుంటే క్యాంటీన్ రమ్ము. 2019లో ఎయిమ్స్ వాళ్ళు కేంద్రప్రభుత్వం కోసం దేశమంతటా చేసిన సర్వే నివేదిక వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ళ వయసువాళ్ళలో మద్యం తాగేవాళ్ళు దేశం మొత్తమ్మీద 14.6 శాతం ఉంటే, ఛత్తీస్‌గఢ్‌లో 35.6 శాతం. ఆ పట్టికలో మా రాష్ట్రానిదే మొదటి స్థానం.

మా పిన్ని కొడుకు రైల్వేలో ఫిట్టరుగా చేశాడు. మంచి పనివాడు, ఇరవై ఏళ్ళకి పైగా తాగాడు. మానేసి చాలా ఏళ్ళయింది. ఒకరోజు మా ఇంట్లో టీ తాగుతూ అడిగాడు. "అన్నయ్యా, నువ్వు దేవుడు లేడంటావు. మరి నన్ను మాన్పించిందెవరు? నువ్వా?" నేను కాదన్నది ఇద్దరికీ తెలుసు. ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

అయ్యప్ప మాల దగ్గరే మొదలుపెడతాను. మా కాలనీలోనూ కార్తీకం వచ్చిందంటే నల్లబట్టలు కనిపిస్తాయి. రోజూ తాగేవాడు మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టడు. శబరిమల వెళ్ళొచ్చి మాల తీసిన సాయంత్రం మళ్ళీ సీసా తెరుస్తాడు. మన మిత్రులు దీన్ని చూసి ఇదంతా బూటకం అంటారు. నాకు అలా అనిపించదు. ఎవరూ అనుకోకుండానే ఏటేటా జరిగిపోతున్న ఒక ప్రయోగంలా కనిపిస్తుంది. ఆ 41 రోజులూ అందరూ అతన్ని స్వామీ అని పిలుస్తారు. దుకాణం ముందు నిలబడితే నలుగురూ చూస్తారు. రోజూ సీసా తీసే వేళకి భజన ఉంటుంది. తోటి స్వాములతో భోజనం, తెల్లవారుజామున లేవాలి కాబట్టి త్వరగా నిద్ర. 42వ రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. వాళ్ళ లెక్క ప్రకారం దేవుడు 41వ రోజునా ఉన్నాడు, 42వ రోజునా ఉన్నాడు. పోయింది స్నేహితుల గుంపు, సాయంత్రం కార్యక్రమం, నలుగురిలో మర్యాద. కాబట్టి ఆ 41 రోజుల జమ ఏ పద్దులో పడాలో తేల్చడం అంత కష్టం కాదు.

ఇక్కడొక హెచ్చరిక. ఏళ్ళ తరబడి పొద్దున్నే తాగితే గానీ చెయ్యి వణుకు ఆగనివాడు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి లేనివి కనబడొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. దాన్ని దేవుడి ఆగ్రహమనో గాలి సోకిందనో అనుకుని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. అలాంటివాణ్ణి ఆసుపత్రిలో పెట్టి, మందులూ బి1 విటమినూ ఇచ్చి కొన్ని రోజుల్లో దించుతారు. ఆ తర్వాతే మిగతా కథంతా.

మాలకంటే చాలా పెద్ద ఉదాహరణ మా నేల మీదే ఉంది. బిలాస్‌పూర్‌లో 1983లో పెట్టిన విశ్వవిద్యాలయానికి గురు ఘాసీదాస్ పేరు పెట్టారు. ఆయన 1756లో గిరౌద్‌పురిలో పుట్టాడు. అప్పటి సమాజం అంటరానిదని తోసేసిన కులం. వ్యవసాయ కూలీ. అన్నతోనో తమ్ముడితోనో కలిసి పూరీ యాత్రకి బయలుదేరి, సారంగఢ్ దాకా వెళ్ళి, "సత్‌నామ్" అంటూ వెనక్కి తిరిగి వచ్చేశాడని కథ. పూరీ జగన్నాథుణ్ణి చూడకుండా సగం దారిలోంచి తిరిగొచ్చిన యాత్రికుడంటే నాకు మొదట్నించీ అభిమానం. 1820ల నాటికి ఆయన మాట ఛత్తీస్‌గఢ్ మైదానమంతా పాకింది. విగ్రహాలు వద్దు, కులం వద్దు, సారా వద్దు, పొగాకు వద్దు, మాంసం వద్దు. మధ్యాహ్నం దాటాక ఎద్దుల్ని నాగలికి కట్టొద్దు. ఆ చివరి నియమం చూడండి, పశువుకి కూడా విశ్రాంతి వేళ రాసిపెట్టాడు.

లక్షలమంది విన్నారు. ఎందుకు విన్నారు? సారా చెడ్డదని ఆయన కంటే ముందు చెప్పినవాళ్ళు లేరా? శాస్త్రాల నిండా ఉంది. నాకు కనిపించే కారణాలు రెండు. మొదటిది, మానింది ఒక్కొక్క మనిషి కాదు, పల్లెకి పల్లె మానింది. పెళ్ళిలో తాగని ఒక్కణ్ణి పట్టుకుని "ఒక్క గుక్కేరా" అని బలవంతపెట్టే మేనమామ కూడా మానేశాడు. రెండోది, మానినవాడికి బదులుగా ఏదో దొరికింది. నిన్నటిదాకా కులం పేరుతో తిట్టించుకున్నవాడు ఇవాళ సత్‌నామీ అయ్యాడు. తాగకపోవడం అతనికి శిక్షగా కాక గుర్తింపుగా మారింది.

పొగాకు దగ్గర మాత్రం కథ వేరేగా నడిచింది. 1916లో వచ్చిన రస్సెల్, హీరాలాల్ గ్రంథంలో సత్‌నామీల్లో చుంగియాలనే శాఖ ప్రస్తావన ఉంది. చుంగీ అంటే ఆకుతో చుట్టిన పొగగొట్టం. పొగ మానలేనివాళ్ళు విడిపోయి వేరే శాఖ అయ్యారు. ఒకే గురువు, ఒకే నామం. సారా విషయంలో పనిచేసిన మాట పొగాకు విషయంలో అందరి మీదా పనిచెయ్యలేదు. నామంలోనే మహిమ ఉంటే రెంటిమీదా ఒకేలా పనిచెయ్యాలి కదా!

1850లో ఘాసీదాస్ పోయాక ఏమైందో ఊహించగలరు. గురువు పదవి కొడుకు బాలక్‌దాస్‌కి వెళ్ళింది, వంశపారంపర్యమైంది, కానుకలు మొదలయ్యాయి. విగ్రహాలు వద్దన్న మనిషి పేర గిరౌద్‌పురిలో కుతుబ్ మీనార్‌ని మించిన ఎత్తున 77 మీటర్ల జైత్‌ఖంభ్ కట్టారు. సరే, అది ఇంకో వ్యాసం.

మా ఉత్తరాన సర్గుజాలో 1951లో ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. రాజమోహినీ దేవి అనే ఆదివాసీ స్త్రీ, కరువు రోజుల్లో, తనకి గాంధీ కనిపించి చెప్పాడంటూ సారా మానమని బోధించింది. వేలమంది కలిసి మానేశారు. 1989లో ఆమెకి పద్మశ్రీ ఇచ్చారు. గాంధీ కనిపించడం సస్పెన్స్ ఖాతా. వేలమంది కలిసి ఒకేసారి మానడం వోచరు.

ఇలా కలిసి మానడాన్ని ఒక పద్ధతిగా పెట్టి ప్రపంచమంతా పాకించింది ఆల్కహాలిక్స్ అనానిమస్, ఏ.ఏ. అంటారు. పుట్టుక 1935, అమెరికాలో ఓహియో రాష్ట్రం యాక్రన్ పట్నం. బిల్ విల్సన్ అనే న్యూయార్కు షేర్ల దళారీ, బాబ్ స్మిత్ అనే డాక్టరు. అంతకుముందు 1934 డిసెంబరులో విల్సన్ ఆసుపత్రిలో ఉండగా గదంతా తెల్లని వెలుగు కనిపించిందట, దేవుడున్నాడని నమ్మేశాడట. ఆ ఆసుపత్రిలో తాగుబోతులకి ఇచ్చే చికిత్సలో బెల్లడోనా ఉండేది. బెల్లడోనా భ్రాంతులు కలిగించే మందు. మన పాఠకులకి ఇంతకంటే వివరించక్కర్లేదు.

అయితే అతన్ని కాపాడింది ఆ వెలుగు కూడా కాదు. వ్యాపారం పనిమీద యాక్రన్ వెళ్ళి, ఆ వ్యాపారం చెడి, హోటల్లో ఒంటరిగా ఉన్నప్పుడు పక్కనే బారు పిలుస్తుంటే, ప్రార్థన చేసి ఊరుకోలేదు. ఫోన్లు చేసి చేసి ఇంకొక తాగుబోతుని వెతికి పట్టుకున్నాడు. గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. కొద్ది వారాల తర్వాత, 1935 జూన్ 10న ఆ డాక్టరు చివరిసారి తాగాడు. ఆ తేదీనే సంస్థ పుట్టినరోజుగా లెక్కపెడతారు. వెలుగు కనిపించిన రోజుని కాదు!

1939లో వాళ్ళు పుస్తకం వేస్తున్నప్పుడు 12 మెట్ల నిండా దేవుడే ఉన్నాడు. 1938లో చేరిన జిమ్ బర్వెల్ అనే సేల్స్‌మన్ పక్కా నాస్తికుడు. పోట్లాడి పోట్లాడి దేవుడి పక్కన "మనం అర్థం చేసుకున్న విధంగా" అనే అర్థం వచ్చే మాట పెట్టించడంలో అతని పాత్ర ఉంది. ఒక్క నాస్తికుడి పేచీ వల్ల కోట్లమందికి తలుపు తెరుచుకుంది. అయినా ఆ తలుపులో పట్టనివాళ్ళు మిగిలారు. 1975లో జీన్ కిర్క్‌పాట్రిక్ స్త్రీలకోసం వేరే సంఘం పెట్టింది. 1985లో జిమ్ క్రిస్టఫర్ దేవుడి ఊసు లేని సంఘం మొదలుపెట్టాడు. 1994లో స్మార్ట్ రికవరీ వచ్చింది. 1996లో న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత కోర్టు, దేవుణ్ణి నమ్మని ఖైదీని ఏ.ఏ. పద్ధతి కార్యక్రమానికి రావాలని బలవంతపెట్టకూడదని తీర్పు చెప్పింది.

ఇంతవరకూ మనకి నచ్చే సంగతులే. ఇప్పుడు నచ్చనిది. ఏ.ఏ. పనిచేస్తుందనడానికి సరైన రుజువు లేదని మనవాళ్ళు చాలాకాలం రాశారు. 2006లో కాక్రేన్ సమీక్ష కూడా దాదాపు అదే చెప్పింది. కానీ 2020లో అదే కాక్రేన్ వాళ్ళు 27 అధ్యయనాలు, 10,565 మంది సమాచారంతో మళ్ళీ లెక్క చూశారు. ఏ.ఏ. లోకి చేర్పించే చికిత్స పొందినవాళ్ళలో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్ళు 42 శాతం, ఇతర చికిత్సలు పొందినవాళ్ళలో 35 శాతం. పాత ఆడిట్ రిపోర్టు మనకి నచ్చిందని కొత్తదాన్ని అల్మరాలో దాచేస్తే మనకీ బాబాలకీ తేడా ఉండదు.

అయితే ఆ తేడా ఎక్కణ్ణించి వచ్చింది? ఆ సమీక్ష రాసినవాళ్ళలో ఒకడైన జాన్ కెల్లీ ఇదే పద్దు విప్పి చూశాడు. ఎక్కువ భాగం, తాగే స్నేహితులు తగ్గి తాగని స్నేహితులు పెరగడం వల్ల, కష్టమైన పరిస్థితుల్లో తాగకుండా ఉండగలననే నమ్మకం పెరగడం వల్ల. ఆధ్యాత్మికత పాత్ర కొంత ఉంది, ముఖ్యంగా బాగా ముదిరినవాళ్ళలో. ఆ కొంతని నేను దాచను. పైగా 2018లో సారా జెమోర్ బృందం అమెరికాలో దేవుడితో పనిలేని సంఘాలనీ ఏ.ఏ. నీ పోల్చి చూసింది. లక్ష్యమూ హాజరూ ఒకేలా ఉన్నవాళ్ళ ఫలితాల్లో పెద్ద తేడా కనిపించలేదు.

డిఫెన్సులో పనిచేసినవాణ్ణి కాబట్టి వియత్నాం సంగతి చెప్పకుండా ఉండలేను. 1971లో అక్కడి అమెరికన్ సిపాయిల్లో హెరాయిన్ విపరీతంగా పాకిందని తెలిసి వాషింగ్టన్ హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చినవాళ్ళని వెంబడించి లెక్క తీసింది. దాదాపు అయిదోవంతు మంది అక్కడ బానిసలయ్యామన్నారు. ఇంటికొచ్చిన మొదటి పది నెలల్లో వాళ్ళలో మళ్ళీ బానిసలైనవాళ్ళు 5 శాతమే. మూడేళ్ళకి చూసినా 12 శాతం. చికిత్స పొందినవాళ్ళు బహు తక్కువ. చోటు మారింది, సావాసం మారింది, భయమూ విసుగూ పోయాయి. హెరాయిన్ పట్టుకుంటే జన్మలో వదలదన్న నమ్మకం కూడా ఒక మూఢనమ్మకమేనని ఆ లెక్క చెప్పింది. అందరికీ అంత సులువుగా వదులుతుందని మాత్రం కాదు. సిపాయి వియత్నాం వదిలి ఇంటికి పోగలడు. ఫిట్టరుకి కాలనీయే ఇల్లు, కాలనీయే వియత్నాం.

చోటునే మార్చేద్దామని కొంగు బిగించింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు. అక్షరదీపం రాత్రిబడుల్లో చదువుకుని, 1992లో రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. ఆ ఉద్యమాన్ని నేను తక్కువ చెయ్యను. ఎన్నో ఇళ్ళలో కూలి డబ్బు మొదటిసారి పొయ్యి దాకా వచ్చింది. కానీ తాగుడు వ్యసనమైపోయిన మనిషికి దుకాణం మూత ఒక్కటే చాలదు, వాడి చేతి వణుకుకి ఎవరు జవాబు? ఆ ప్రశ్న ప్రభుత్వం వేసుకోలేదు. ఇక ఛత్తీస్‌గఢ్‌లో అయితే 2017లో ప్రభుత్వమే కార్పొరేషన్ పెట్టి దుకాణాలు నడపడం మొదలుపెట్టింది.

మందుల గురించి ఒక ముక్క. 1940లలో డెన్మార్కులో హాల్డ్, యాకబ్సెన్ అనే ఇద్దరు, కడుపులో పురుగులకి మందుగా పనికొస్తుందేమోనని డైసల్ఫిరామ్ తామే మింగి చూసుకున్నారు. తర్వాత మామూలుగా మద్యం తీసుకుంటే ఒళ్ళంతా మండి వాంతులు. అలా దొరికింది తాగుడు మాన్పించే మొదటి మాత్ర. "తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, మానేస్తాడు" అని అమ్మే పొడుల జోలికి వెళ్ళకండి. అందులో ఏముందో తెలియదు. ఇదే మాత్ర ఉంటే, తెలియక తాగినవాడి ప్రాణం మీదికి వస్తుంది. కోరికని తగ్గించే నాల్‌ట్రెక్సోన్ లాంటివి తర్వాత వచ్చాయి. ఇవన్నీ డాక్టరు రాస్తేనే.

మా తమ్ముడి ప్రశ్నకి వస్తాను. వాడు అంతకుముందు నాలుగుసార్లు మానాడు. రెండుసార్లు మాలతో, రెండుసార్లు కూతురి తలమీద ఒట్టుతో. ఒట్టు తప్పిన రోజు తాగినంత వాడు ఎప్పుడూ తాగలేదు. మామూలు తాగుడికి సిగ్గు కూడా తోడైంది మరి. అయిదోసారి ఆసుపత్రిలో పది రోజులున్నాడు. బయటికొచ్చాక వాళ్ళావిడ పోరు పడలేక ఏ.ఏ. మీటింగుకి వెళ్ళాడు. అక్కడ ఎవరూ ఒట్టు అడగలేదట. ఇవాళ్టికి మాత్రం తాగకు, రేపటి సంగతి రేపు అన్నారట. ఒక గార్డు, ఒక స్కూలు మాస్టరు, ఒక రిక్షా అతను. వాడి మాటల్లోనే చెప్పాలంటే, "అన్నయ్యా, నా గురించి నేను దాచుకున్నదంతా వాళ్ళు ముందే చెప్పేస్తున్నారు."

మానగానే సుఖపడిపోయాడనుకోకండి. మొదటి ఆరు నెలలూ ఇంట్లో అందరికీ నరకం చూపించాడు. నిద్ర లేదు, చిరాకు, ఊరికే ఏడుపు. తాగినప్పుడే నయమని పిల్లలే అన్నారు. తాగుడు మానినవాళ్ళలో దిగులు చాలావరకు నాలుగు వారాల్లో దానంతటదే తగ్గుతుందని 1988లో బ్రౌన్, షూకిట్ అనే ఇద్దరు చూపించారు. వీడికి ఇంకా ఎక్కువకాలం పట్టింది. ఆ తర్వాత నెమ్మదిగా వచ్చిన మార్పు వాడు చెప్తేనే నాకు తెలిసింది. జేబులో జీతముండగా దుకాణం ముందు నుంచి నడిచొచ్చి, ఇంటికొచ్చాక గానీ దాని సంగతే గుర్తురాకపోవడం. తలుపు కొడితే అప్పులవాడేమోనని గుండె దడదడలాడకపోవడం. నిన్న రాత్రి ఏమన్నానో భార్య మొహం చూసి పోల్చుకోవలసిన అవసరం లేకపోవడం. స్వేచ్ఛ అంటే ఏమిటని మన సంఘంలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఇంత వివరంగా చెప్పినవాడు లేడు.

ఇప్పుడు పద్దులు రాస్తాను. ఆసుపత్రి పది రోజులు, ఒక పద్దు. మీటింగులో గార్డూ మాస్టరూ రిక్షా అతనూ, అన్నిటికంటే పెద్ద పద్దు. మరదలి మొండితనం, ఒక పద్దు. వాడి సొంత ఓర్పు, వాడు ఒప్పుకోడు గానీ, అదీ పద్దే. ఇదంతా కాగితం మీద రాసి చూపిస్తే వాడు చదివి, "అందరినీ పంపించింది ఆయనే కదా" అన్నాడు. వాదించలేదు నేను. సస్పెన్స్‌లో మిగిలింది చిన్న మొత్తమే, వాడి దగ్గరే ఉండనీ.

ఆ 2019 నివేదికలోనే ఇంకో అంకె ఉంది. మద్యానికి బానిసలైనవాళ్ళలో ఏదో ఒక చికిత్స దొరికింది 38 మందిలో ఒక్కరికే. మిగతా 37 మందిలో దేవుణ్ణి నమ్మనివాళ్ళూ ఉంటారు, మన సభ్యుల్లోనే ఉన్నారు. వాళ్ళకి ఈ ఊళ్ళో తెలుగులో కూర్చుని మాట్లాడుకునే చోటు లేదు. ఒక గది, నాలుగు కుర్చీలు, ఫ్లాస్కులో టీ, వారం వారం తప్పని ఒకే వేళ ఉంటే మొదలుపెట్టొచ్చు. గది మా ఇంట్లోనే ఉంది. డాక్టరు అవసరమైనవాళ్ళకి కేంద్రప్రభుత్వ హెల్ప్‌లైను 14446 ఉంది. మొదటి నాలుగు వారాలు వచ్చి తన సంగతి చెప్పమని మా తమ్ముణ్ణే అడిగాను.

"వస్తాను గానీ అన్నయ్యా, ఆ గంటసేపు దేవుడు ఉన్నాడా లేడా అని ఎవరూ నన్ను అడక్కూడదు" అన్నాడు.

సరేనన్నాను. ఆదివారం సాయంత్రం అయిదున్నరకి.